నలభై ఒకటో నంబరు తాటిచెట్టు

భద్రయ్య గౌడ్ పొద్దున అయిదింటికి లేస్తాడు. మొహం కడుక్కుని, భార్య శారదమ్మ ఇచ్చిన చాయ్ గ్లాసును ఓసారి వాసన చూసి మరీ తాగుతాడు. ఎందుకు వాసన చూస్తాడో ఆమెకూ తెలీదు, ఆయనకూ తెలీదు. పుట్టుబుద్ధి. తర్వాత నడుముకు కత్తుల ముస్తాదు కట్టుకుని, చెట్టుకూ మనిషికీ కలిపి చుట్టుకునే మోకును భుజాన వేసుకుని, తిరుమలగిరి లాల్‌బజార్ వెనక సందులో ఉన్న కల్లు కాంపౌండుకు నడుస్తాడు. నలభై ఏళ్లుగా ఇదే వరస.

ఈ ఎండాకాలం మాత్రం ఆ వరసలో కొత్త పని ఒకటి వచ్చి చేరింది. చెట్టెక్కే ముందు మొదలు దగ్గర నిలబడి, పాదం ముందు పాదం పెట్టుకుంటూ హద్దురాయి దాకా కొలుస్తాడు. ఆ పొద్దున పదకొండు పాదాలు వచ్చాయి. నిన్న పదకొండున్నర.

"మళ్ల నడిచింది," అన్నాడు పళ్లు కొరుకుతూ.

చెట్టు నడిచినందుకు ఆయన ఆశ్చర్యపోయాడనుకునేరు, అదేం లేదు. తిరుమలగిరిలో చెట్లు నడవబట్టి మూడు ఎండాకాలాలైంది. ఎండ నలభై అయిదు దాటి, బోర్లన్నీ ఎండిపోయి, పొద్దుగూకినా గోడలు సెగలు కక్కుతుంటే అవి మాత్రం ఏం చేస్తాయి, పాపం? పగలంతా ఉన్నచోటే ఉంటాయి. తెల్లారి చూస్తే బెత్తెడో జానెడో జరిగి ఉంటాయి. వెనక నేల దానంతటదే పూడుకుంటుంది. మెయిన్ రోడ్డు మీది వేపచెట్టు పోయినేడు రోడ్డు దాటి టిఫిన్ బండి పక్కకు వచ్చేసరికి, బండాయన దానికి తన బోర్డు తగిలించుకుని హాయిగా ఉన్నాడు. కరెంటోళ్లు వైర్లు కొంచెం వదులుగా కడుతున్నారు. కార్లున్నవాళ్లు చెట్టుకు బారెడు ఎడంగా పార్క్ చేయడం నేర్చుకున్నారు. దోమల గురించి మాట్లాడుకున్నంత కూడా ఎవరూ దాని గురించి మాట్లాడుకోరు.

భద్రయ్యకు కావలసింది ఒకటే. తన చెట్టును ఎవడు నడిపిస్తున్నాడు?

ఆయనకు మిగిలింది ఈ ఒక్క చెట్టే మరి. ఒకప్పుడు అయిదుండేవి, ఒక్కోదాని బోదె మీద ఎక్సైజు వాళ్లు తెల్ల రంగుతో రాసిన నంబరు. రెండు రోడ్డు వెడల్పులో పోయాయి. ఒకటి పిడుగు పడి పోయింది. ముప్పైతొమ్మిదో నంబరు సంగతి తలుచుకుంటే ఇప్పటికీ ఆయనకు కడుపు మండుతుంది. అది పోయినేడు మెల్లగా నడిచి నడిచి హద్దురాయి దాటింది. రాయికి ఇటు ఒక ఎక్సైజు సర్కిల్, అటు ఇంకో సర్కిల్. మృగశిర పోయాక మొదటి మంగళవారం చెట్ల లెక్క. లెక్కనాడు చెట్టు ఏ సర్కిల్‌లో నిలబడి ఉంటే ఆ సర్కిల్ కల్లుగీత సంఘానిదే. అట్లా అది లోతుకుంటలో ఉండే విజయేందర్ అనే గీతకార్మికుడి పాలైంది. ఇప్పుడు నలభై ఒకటి కూడా దాటిందంటే భద్రయ్య లైసెన్సు రద్దు. యాభై ఎనిమిదేళ్ల మనిషి, పద్దెనిమిదో ఏట మోకు పట్టాడు. వేరే పని రాదు, వచ్చినా చేయడు. లెక్కకు ఇంకా మూడు వారాలుంది.

హద్దురాయికి అటుపక్క జాన్ సాహెబ్ నర్సరీ. ఆకుపచ్చ నెట్టు కింద గులాబీలు, క్రోటన్లు, నల్ల కవర్లలో కరివేపాకు మొక్కలు, ఎర్రమట్టి కుప్పలు. మొక్కలున్నచోట నీళ్లుంటాయి. నీళ్లున్నచోటికి చెట్టు పోతుంది. ఇంకేం కావాలి? నీళ్లు చూపించి తన చెట్టును ఆవుదూడను పిలిచినట్టు పిలుస్తున్నాడని భద్రయ్య నిర్ధారణకు వచ్చేశాడు. ఆ సాయంత్రమే నర్సరీలోకి పోయాడు.

"ఏం భాయ్, మంచిగున్నవా?"

జాన్ సాహెబ్ తలెత్తి చూశాడు. పదకొండేళ్లుగా పక్కపక్కనే ఉన్నా భద్రయ్య ఇటు కాలు పెట్టడం ఇదే మొదలు.

"ఆవ్ గౌడ్ సాబ్. ఏం గావాలె?"

"మల్లె మొక్క."

"గింత ఎండల మల్లె పెడ్తవా?"

"ఏం, పెట్టొద్దా?"

"పెట్టు, నాకేంది." జాన్ సాహెబ్ ఒక మొక్క తీసి మట్టి దులిపాడు. భద్రయ్య కళ్లు మాత్రం నేల మీద చుట్టలు చుట్టి పడున్న పైపు మీదున్నాయి.

"పైపు మస్తు పొడుగున్నదే. గా మూలదాక వస్తదా?"

"ఏ మూల?"

"గదే, నా చెట్టు దిక్కు."

జాన్ సాహెబ్ చేతిలో మొక్క అట్లాగే పట్టుకుని కాసేపు చూశాడు. "ఎందుకడుగుతున్నవ్?"

"ఊకెనే."

"నేను సుత ఊకెనే అడుగుతున్న."

ఇద్దరూ నవ్వారు. ఇద్దరి నవ్వూ పెదాల దగ్గరే ఆగింది. భద్రయ్య మొక్క పట్టుకుని ఇంటికొస్తూ, 'మొహం తిప్పుకున్నడు, దొంగే,' అనుకున్నాడు.

ఇంటి దగ్గర శారదమ్మ మొక్కనూ మొగుడినీ మార్చి మార్చి చూసింది. ఆమె కాంపౌండులో కల్లు పోస్తుంది. తాగేవాళ్లను చూసీ చూసీ మనుషులను చదవడం బాగా వచ్చిన మనిషి.

"ముప్పై అయిదేండ్ల కాపురంల మూర మల్లెపూలు తెచ్చింది లేదు, ఇయ్యాల మొక్కనే తెచ్చినవ్. ఏం తప్పు చేసినవయ్యా?"

"తప్పా? నేనెందుకు చేస్త? ఆ జాన్ సాబ్ నా చెట్టును గుంజుతున్నడు. అర్థమైతుందా నీకు?"

"దాన్నెవ్వలు గుంజుతలేరు. ఈడ సుఖం లేక పోతుంది."

"ఏం తక్కువైంది దానికి?"

ఆమె బియ్యం డబ్బా తీసింది. బియ్యం చేటలో వేసుకుని రాళ్లు ఏరుతూ, తల ఎత్తకుండా అంది: "రెండేండ్లు గీస్తె మూడో ఏడు చెట్టును ఇడ్వాలె. మా మామ ఇడ్సేటోడు. ఆయన నాయిన ఇడ్సేటోడు."

"అప్పుడు అయిదు చెట్లుండె. ఇప్పుడున్నది ఒక్కటి. దాన్ని సుత ఇడ్సి నోట్లె ఏలు పెట్టుకోని కూసోవాల్నా?"

"నేనేమన్న అన్ననా?"

"ఇంకేమనాలె?" అని అరిచి, ఆ పూట అన్నం కూడా తినకుండా అరుగు మీద కూర్చున్నాడు. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకోవడమంటే ఇదే. నాలుగేళ్లుగా ఆయన ఆ చెట్టుకు ఒక్క ఏడు కూడా విశ్రాంతి ఇవ్వలేదు. గీతవృత్తిలో అంతకన్నా సిగ్గుమాలిన పని లేదు. బయటపడితే సంఘంలో పక్కన కూర్చోనివ్వరు. ఆ ముచ్చట మొగుడికీ పెళ్లానికీ తప్ప మూడో మనిషికి తెలీదు. చాలదన్నట్టు రెండేళ్ల కింద, తాగేవాళ్ల కుర్చీలు ఊగకుండా ఉంటాయని, కాంపౌండంతా సీసీ వేయించాడు. సిమెంటు పోసేవాళ్లు చెట్టు మొదలు చుట్టూ మూరెడు జాగా వదులుదామంటే, "ఎందుకు, బురద బురద అయితది," అని మొదలు దాకా పోయించింది కూడా ఈయనే.

ఆ చెట్టు మీద ఆయన ఒక్కడే బతకడం లేదు. గిజిగాళ్లున్నాయి. ఒకప్పుడు ఈ చుట్టుపక్కల ప్రతి తాటిచెట్టుకూ వాటి గూళ్లు వేలాడేవి. ఇప్పుడు నలభై ఒకటి మీదే. మెడలో దుర్భిణీలు వేసుకుని పిట్టలను లెక్కపెట్టే పిల్లలు కొందరు పోయినేడు వచ్చి, ఈ దిక్కున మిగిలిన ఆఖరి గూళ్లు ఇవేనమ్మా, జర చూసుకోండి అని శారదమ్మకు చెప్పి పోయారు. ప్లాటు కొలవడానికొచ్చిన బిల్డర్ మనుషులనుకుని భద్రయ్య వాళ్ల బండి నంబరు రాసి పెట్టుకున్నాడు.

గిజిగాడు ఉత్త గడ్డితోనే గూడు కట్టడు. లోపల తడిమట్టి మెత్తుతాడు, గాలికి గూడు తిరగబడకుండా. ఈ ఏడు మట్టి ఎక్కడుంది? కాంపౌండంతా సిమెంటు, బయటంతా డాంబరు. పిట్టలు సగం సగం గూళ్లు అల్లి, అటు ఎగిరి ఇటు ఎగిరి, అట్లాగే వదిలేస్తున్నాయి. సగం గూళ్లు చెట్టు మీద డజను దాకా ఉన్నాయి. భద్రయ్య వాటినీ అనుమానంగానే చూశాడు.

హద్దురాయి ఎనిమిది పాదాల దూరానికి వచ్చిన రోజు ఆయన చెట్టును కట్టేశాడు.

మీరు నవ్వినా నవ్వకపోయినా, అది ఆయన బాగా ఆలోచించి చేసిన పనే. ఆయన దగ్గర రెండు మోకులున్నాయి. ఒకటి ఉగాదికి కొన్న కొత్తది. ఇంకోటి అరిగిపోయిందని రెండేళ్ల కింద అటక మీద పడేసిన పాతది. చెట్టు బలం చెట్టెక్కేవాడికి తెలిసినట్టు ఇంకొకరికి తెలీదు. పాత మోకు ఆ గుంజుడుకు ఆగదు. అందుకని కొత్త మోకును చెట్టు బోదెకు రెండు చుట్లు చుట్టి, కాంపౌండు గేటు ఇనుప స్తంభానికి బిగించాడు. పాతది దులిపి తాను వేసుకున్నాడు.

"పాత మోకుతోని ఎక్కుతున్నవా?" శారదమ్మ అడ్డం వచ్చింది. "నీకేమన్న పిచ్చి లేసిందా?"

"నలబయ్యేండ్ల సంది ఎక్కుతున్న. నా పానం నేను కాసుకుంట. చెట్టును కాసేదానికి గట్టిది గావాలె."

"చెట్టుకు గట్టిది, మనిషికి చీకిపోయినదా!"

"నువ్వు ఊకో," అని ఎక్కేశాడు.

చెట్టు ఆగింది. వారం రోజులు ఒక్క అంగుళం కదల్లేదు. కానీ అట్లా ఆగిన చెట్టును చూస్తే ఎవరికీ మంచిగనిపించలేదు. మోకు రోజురోజుకూ బిగుసుకుంటోంది. చెట్టు రాయి వైపు కొద్దిగా ఒరిగింది. కమ్మలు కిందికి వాలాయి. గెలకు కట్టిన మట్టి లొట్టినిండా వచ్చే కల్లు గ్లాసుకు తగ్గి, గ్లాసు నుంచి గుక్కెడుకు తగ్గి, చివరికి అదీ ఆగితే ఆయన లొట్టి దించేశాడు. తాగడానికొచ్చినవాళ్లు ఇనుప స్తంభం వైపు చూసి తిరిగిపోతున్నారు. గిజిగాళ్లు రావడం మానేశాయి.

లెక్క ఇంకో నాలుగు రోజులుందనగా జాన్ సాహెబ్ హద్దురాయి దాటి నేరుగా కాంపౌండులోకి వచ్చాడు. మొహం ఎర్రగా ఉంది.

"ఏం గౌడ్ సాబ్, నీ చెట్టును నా మీదికి తోల్తున్నవట?"

భద్రయ్య బిత్తరపోయాడు. "నేను తోలుడేంది? కట్టేసింది కనపడ్తలేదా?"

"కట్టేసినట్టు చూపెట్టి, ఎవ్వలు లేనప్పుడు ఇప్పుతున్నవేమో. నాకేమెరుక?"

"నీళ్లు పోసి గుంజేది నువ్వు, మాటలనేది నన్నా?"

"నేనా!" జాన్ సాహెబ్ చెయ్యి గుండె మీద పెట్టుకున్నాడు. "ఖుదా కసమ్, నీ చెట్టు రావొద్దని ఆ మూలకు రెండు నెలల సంది చుక్క నీళ్లు పోస్తలేను. వచ్చి చూడు. నంబరు చెట్టు ఏడుంటె గీతోళ్లకు ఆడికి దారియ్యాలెనట గద? రేపు నా నర్సరీల లొట్లు, గ్లాసులు, తాగేటోళ్లు! జుమ్మాకు మసీదుకు పోతె నా ఇజ్జతేముంటది, చెప్పు? మొక్క కొంటనని వచ్చి పైపు దిక్కు చూసినవ్ గద, ఆ దినమే నాకు అనుమానమొచ్చింది."

తాటిచెట్టు కింద పాలు తాగినా కల్లే అంటారు. అటువంటిది చెట్టే వచ్చి ఇంట్లో నిలబడితే ఆయన భయం ఆయనది. భద్రయ్య పోయి చూశాడు. ఆ మూల నేల బీటలు వారి ఉంది. కరివేపాకు మొక్కలు వరసకు వరస కవర్లలోనే ఎండిపోయాయి. వేలితో మట్టిని గీరి చూశాడు, చెమ్మ లేదు. నీళ్లు పోసేవాడు లేడు, పిలిచేవాడు లేడు. మరి చెట్టు దేన్ని చూసి పోతోంది? దేన్నుంచి పోతోంది? ఆ రెండో ప్రశ్న మనసులోకి రాగానే భద్రయ్య చేతి మట్టి దులుపుకుని లేచాడు. వెంటనే దాన్ని తోసేసి, సంఘం ప్రెసిడెంటు మీద అనుమానపడడం మొదలుపెట్టాడు.

సోమవారం సాయంత్రం వాన కురిసింది. మృగశిర వచ్చి పోయినా మొహం చాటేసిన వాన, ఒక్కసారిగా దడదడా దంచికొట్టింది. లాల్‌బజార్ అంతా బయటికొచ్చి తడిసింది. భద్రయ్య ఒక్కడే గడపలో కూర్చుని, తడిసిన మోకు ఇంకా బిగుస్తుంది, మంచిదే, అని లెక్కలు వేసుకున్నాడు. తెల్లారితే మంగళవారం. చెట్టు రాయికి ఇవతలే ఉంది. బతికిపోయాననుకున్నాడు.

మంగళవారం పొద్దున కాంపౌండు గేటు దగ్గరే ఆగిపోయాడు. ఇనుప స్తంభానికి మోకు ముక్క వేలాడుతోంది. చెట్టు లేదు. హద్దురాయికి అవతల, జాన్ సాహెబ్ ఎర్రమట్టి కుప్పల నడుమ, మొదలు దాకా బురదలో నిలబడి ఉంది. రోజుకు జానెడు నడిచే చెట్టు ఒక్క వానకు ఇరవై పాదాలు నడిచింది.

ముందుగా ఆయన చూసింది చెట్టును కాదు, తెగిన మోకు కొసను. కత్తి గాటు ఉందేమోనని కళ్ల దగ్గర పెట్టుకుని చూశాడు. లేదు. పోగు పోగూ సాగి సాగి తెగింది. ఏ మనిషీ దాన్ని కోయలేదు. అనుమానపడడానికి ఒక్క మనిషి కూడా మిగలకపోయేసరికి భద్రయ్యకు ఏడుపొచ్చినంత పనైంది.

అయినా ఒక దారి ఉంది. లెక్క జరిగే పొద్దున ఎవరి లొట్టి చెట్టు మీద ఉంటే ఆ ఏటికి చెట్టు వాళ్లదేనని గీతోళ్లలో ఒక పాతమాట ఉంది. కాగితాల్లో ఉండదు గానీ, ఇన్‌స్పెక్టర్లు దాన్ని కాదనరు. పోయినేడు జనగామ పెళ్లికి పోయి లొట్టి కట్టకనే ముప్పైతొమ్మిది చేజారింది. భద్రయ్య లొట్టిని నడుముకు కట్టుకుని, పాత మోకు వేసుకుని, బురదలో దిగబడుతూ పోయి ఎక్కడం షురూ చేశాడు.

పైకి పోయేసరికి చెవులు గింగుర్లెత్తాయి. గిజిగాళ్లు! ఎక్కడెక్కడివో అన్నీ వచ్చినట్టున్నాయి. కింద బురదలో వాలి, ముక్కున ఇంత మట్టి పట్టుకుని, పైకెగిరొచ్చి సగం గూళ్లలో మెత్తుతున్నాయి. పసుపుపచ్చ మగపిట్టలు రెక్కలు కొట్టుకుంటూ ఒకటే గోల. నాలుగేళ్లలో ఆ చెట్టు మీద అంత సందడి ఆయన వినలేదు. ఒక్క క్షణం చేతులు ఆగాయి.

కానీ లొట్టి కట్టడానికి పనికొచ్చే గెల ఒక్కటే ఉంది. దానికి అడ్డంగా ఉన్న కమ్మకే గూళ్లన్నీ వేలాడుతున్నాయి. ఆ కమ్మ కొట్టాలి. భద్రయ్య ముస్తాదులోంచి కత్తి తీసి, నడుమును మోకు మీద వాల్చి, చెయ్యి చాచాడు.

మోకు తెగింది.

అరవడానికి కూడా టైము లేదు. ఆకాశం, కమ్మలు, బోదె, మళ్లీ ఆకాశం. తర్వాత నోట్లో మట్టి. కళ్లు తెరిచేసరికి నడుం దాకా ఎర్రమట్టి కుప్పలో కూరుకుపోయి ఉన్నాడు. కుడికాలు తిరగకూడని వైపుకు తిరిగి ఉంది. మొక్కల మధ్య నుంచి జాన్ సాహెబ్ చేతిలో డబ్బా పారేసి పరుగెత్తుకొస్తున్నాడు.

"గౌడ్ సాబ్! అరె గౌడ్ సాబ్! కదలకు, కదలకు! వదినా, శారదమ్మ వదినా, జల్ది రా!"

చాయ్ పట్టుకుని వస్తున్న శారదమ్మకు కేక వినబడింది. గ్లాసు ఎక్కడ పడిందో ఆమెకు తెలీదు. వచ్చి మొగుడి తల ఒళ్లో పెట్టుకుని, మొహం మీది మట్టి కొంగుతో తుడిచి, ఊపిరుందో లేదో ముక్కు దగ్గర వేలు పెట్టి చూసింది. ఉంది. అప్పుడు తలెత్తి హద్దురాయి అవతలికి చూసింది. ఆయన నడుమున కట్టుకున్న లొట్టి ఎగిరి అవతల సీసీ మీద పడింది. చిన్న చిన్న పెంకులైంది. నిన్న పొద్దున చెట్టు నిలబడి ఉన్నది సరిగ్గా అక్కడే.

"కొత్త మోకు తెగకుంటె..." అని మొదలుపెట్టి ఆమె ఆగిపోయింది.

"చెట్టు కాపాడింది వదినా," అన్నాడు జాన్ సాహెబ్. "గౌడ్ సాబ్ కోసమే ఇటొచ్చింది."

"ఈయన కోసం రాలే అన్నా," అంది శారదమ్మ. కోపమూ ఏడుపూ కలిసి వచ్చాయి ఆమెకు. "దాని పానం అది కాపాడుకోనీకె వచ్చింది. ఈ మనిషి దానికి యాలాడుతుండె గనుక బతికిండు."

భద్రయ్య విన్నాడు.

ఆటో వచ్చింది గానీ ఆయన ఎక్కనన్నాడు. కాలు వాచిపోతున్నా సరే, లెక్క అయ్యేదాకా కదలనని మొండికేశాడు. తొమ్మిదింటికి ఎక్సైజు ఇన్‌స్పెక్టర్ ఓంప్రకాశ్ రిజిస్టరు, తెల్లరంగు డబ్బా పట్టుకుని వచ్చాడు. ఆయన వెనకే లోతుకుంట విజయేందర్, భుజాన మోకుతో.

"అయ్యో, ఏమైంది భద్రయ్యా! ముందు దవాఖానకు పో," అన్నాడు ఓంప్రకాశ్.

"ముందు లెక్క రాయుండ్రి సార్."

ఓంప్రకాశ్ చెట్టును చూశాడు, రాయిని చూశాడు, పైకి చూశాడు. "రాయి దాటింది. లొట్టి గూడ లేదు. నేనేం చెయ్యాలె చెప్పు? అటు సర్కిల్‌కే రాయాలె."

"బాధపడకన్నా," విజయేందర్ బోదె మీద చెయ్యి వేశాడు. మంచివాడే, మాటలో కపటం లేదు. "మంచి చెట్టు. నేను మంచిగ చూసుకుంట. రేపే లొట్టి కడ్త." అప్పుడే మోకు విప్పుతున్నాడు.

రేపే కడతాడు. అయిదో ఏడు కూడా ఆ చెట్టు మీద కత్తి పడుతుంది. భద్రయ్య కళ్లు మూసుకున్నాడు. నోరు మూసుకుంటే లైసెన్సు ఒక్కటే పోతుంది, పరువు మిగులుతుంది. పైన పిట్టలు అరుస్తూనే ఉన్నాయి.

"సార్," అన్నాడు. "దాన్ని ఎవ్వలకు రాయకుండ్రి. గీతకు పనికిరాదని రాయుండ్రి."

విజయేందర్ నవ్వాడు. "తాటిచెట్టు ఎందుకెక్కినవురా అంటె దూడగడ్డి కోసమన్నడట. నీకు దక్కకుంటె ఎవ్వలకు దక్కొద్దనా అన్నా?"

"నాలుగేండ్లు ఇడ్వకుండ గీసిన."

విజయేందర్ నవ్వు ఆగిపోయింది. ఓంప్రకాశ్ పెన్ను రిజిస్టరు మీదే ఉండిపోయింది. శారదమ్మ తల వంచుకుంది.

"అబద్ధం," అన్నాడు విజయేందర్. "నువ్వు గట్ల చెయ్యవన్నా."

"ఎక్కి సూడు. సూసి, ఆ గూళ్లను ముట్టుకోకుండ దిగు."

విజయేందర్ ఎక్కాడు. గిజిగాళ్లు అతని తల చుట్టూ తిరిగి తిట్టిపోశాయి. చాలాసేపటికి దిగాడు. దిగినవాడు భద్రయ్య మొహం వైపు చూడలేదు.

"నిజమే సార్. మొవ్వ సన్నబడ్డది. ఈ ఏడు సుత గీస్తె నిలువున సచ్చేది." మోకు చుట్టుకుంటూ ఆగి, ఉండబట్టలేక అన్నాడు: "పెద్దోనివి. మాకు చెప్పేటోనివి. నువ్వు చేసే పనేనా అన్నా?"

"కాదు," అన్నాడు భద్రయ్య.

ఓంప్రకాశ్ రిజిస్టరులో రెండు ముక్కలు రాసి, కత్తి అడిగి తీసుకుని బోదె మీది నంబరును గీకేశాడు. తెల్ల రంగు పొట్టుపొట్టుగా బురదలో రాలింది. నంబరు లేని చెట్టు ఎవరిదీ కాదు, దాన్ని ఎవరూ ఎక్కకూడదు. భద్రయ్య లైసెన్సు కాగితం కూడా అడిగి తీసుకుని, మడిచి జేబులో పెట్టుకున్నాడు. ఆ పని చేస్తున్నప్పుడు ఆయన కూడా పక్కకు చూశాడు.

"సార్," అన్నాడు జాన్ సాహెబ్ గొంతు సవరించుకుని. "నంబరు లేకుంటె నా నర్సరీల ఎవ్వలకు దారి గూడ ఇయ్యనక్కర్లేదు గద?"

"అక్కర్లేదు."

"గట్లయితె ఉండనీ తియ్యి. ఎన్నొద్దులుంటె గన్నొద్దులు ఉండనీ."

నలుగురూ పట్టి భద్రయ్యను ఆటోలో ఎక్కించారు. సీటు మీద అడ్డంగా పడుకోబెట్టి తల శారదమ్మ ఒళ్లో పెట్టారు. అట్లా వెల్లకిలా పడుకుంటే ఆటో పక్క నుంచి చెట్టు మొత్తం కనబడింది. నలభై ఏళ్లుగా ఆయన చూసిన చెట్టు వేరు. ముక్కుకు తగిలే బోదె, కాలికింది గరుకు, చేతికందే గెల. కింద పడుకుని మొదటి నుంచి కొస దాకా చూడడం ఇదే మొదటిసారి. బోదె వెంబడి చూపు పోతూనే ఉంది, పోతూనే ఉంది, ఎంతకూ అయిపోవడం లేదు. ఎక్కడో చివరన, వేలెడంత పిట్టలు మట్టి మోసుకుంటూ తిరుగుతున్నాయి.

"శారదా," అన్నాడు. "గింత పొడుగుంటదా మన చెట్టు?"

"ఎప్పటి సందో గంతే ఉన్నది." ఆమె కన్నీళ్లు ఆయన నుదుటి మీద పడ్డాయి. "నువ్వు పైకి పోతవ్, నీకేమెరుక? దిగేదాక కింద నిలబడేటోళ్లకు ఎరుక. పొద్దుగాల ఒకసారి, మాపటికి ఒకసారి, ముప్పై అయిదేండ్లు నిలబడ్డ. ఇగ రేపటి సంది నిలబడ."

భద్రయ్య ఆమె చెయ్యి పట్టుకున్నాడు. డ్రైవరు కాలి నొప్పి ఎక్కువైందా అని అడిగాడు. కాదని తలూపాడు. ఆటో సందు దాటి లాల్‌బజార్ వైపు తిరిగింది.